గట్టి బ్రేకు

ఈ ఎండాకాలంలో ఒక సాయంత్రం, వాకిలి ఊడ్చి చీపురు మూలకు ఆనించి నడుము పట్టుకుని నిలబడ్డానో లేదో, వీధి మలుపులో ఒక ఇంజిను చప్పుడు వినిపించింది. ఏళ్ల తరబడి చెవిన పడని చప్పుడది, అయినా కన్నవాళ్ల దగ్గును గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. మూతి ముందుకు పొడుచుకుని, వెనక నీళ్ల ట్యాంకు మోసుకుని, ఒళ్లంతా కొత్త ఆకుపచ్చ రంగు పూసుకుని మా నాయన లారీ మా ఇంటి ముందుకొచ్చి ఆగింది. స్టీరింగు వెనక మా మేనల్లుడు, అంటే మా అన్న కొడుకు, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"అత్తా, రా, ఎక్కి ఒకసారి బ్రేకు తొక్కి సూడు" అన్నాడు.

వాడికి ముదిగుబ్బలో రోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. మా తోటలో టార్పాలిను కింద తేళ్లకు, తొండలకు కాపురమైపోయిన ఈ లారీని రెండేళ్ల కింద షెడ్డుకు లాక్కుపోయాడు. ఎవరు కొంటారు ఈ దిక్కుమాలిన బండిని, పాత ఇనుముకు వేసిపారెయ్యరా అని నేను ఎన్నిసార్లు తిట్టినా చెవిన వేసుకోలేదు. పాత డ్రమ్ము బ్రేకులు పీకేసి ముందు చక్రాలకు డిస్కులు పెట్టానని, సైకిలు చక్రాన్ని రెండు వేళ్లతో పట్టి ఆపినట్టు అవి రేకును పట్టి ఆపుతాయని చేతులు తిప్పుతూ చెప్పాడు. బ్రేకు సిలిండరులో గొట్టం మొదట ఒక చిన్న వాల్వు ఉంటుందట, అది ఆయిలును కొంచెం బిగబట్టి ఉంచితే డ్రమ్ములకు మేలట గానీ డిస్కులు రాసుకుని కాగిపోతాయట, అందుకని దాన్ని తీసేశానన్నాడు. పని ఒళ్లు దగ్గర పెట్టుకునే చేశాడు పిల్లవాడు, ఆ మాట ముందే చెప్పాలి.

మోకాళ్లను బతిమాలుకుంటూ ఎక్కి కూర్చున్నాను. చెప్పులు కింద విప్పాను, ఆ పెడలును నేను ఏనాడూ చెప్పుకాలితో తొక్కలేదు. పాదం ఆనించి అదిమాను. వేలెడు కూడా దిగలేదు. బండ మీద కాలు పెట్టినట్టుంది. వాడు కిటికీలోంచి తొంగిచూస్తూ "ఎట్లుండాది? రాయి మాదిరి ల్యా?" అని మురిసిపోతుంటే నా కాలు ఆ పెడలు మీదే ఉండిపోయింది. ఆ బిగువు నాకు తెలుసు. మా అన్న చచ్చిపోయిన వారంలో ఆ పెడలు అచ్చం అట్లాగే ఉండేది.

నా వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో లారీ ఉన్న ఇంట్లో ఆడామగా తేడా లేకుండా అందరూ దానికి చాకిరీ చేసేవాళ్లు. నా వంతుకు వచ్చింది బ్రేకు తొక్కడం. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే తీయడానికి ఇద్దరు కావాలి, ఒకరు పైన కూర్చుని తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గరి నిపిలు అనే చిన్న మర విప్పి, రబ్బరు గొట్టంతో ఆయిలును సీసాలోకి వదలాలి. మా నాయన కింద పడుకుని "తొక్కు" అంటే తొక్కాలి, "వదులు" అంటే వదలాలి, ఆయన చెప్పకముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోయి పనంతా మొదటికొచ్చేది, కింది నుంచి వచ్చే తిట్లు మాత్రం వాడకట్టంతా వినేది. పెళ్లి కావలసిన పిల్లను ఎండలో క్యాబిన్లో కూర్చోబెట్టి ఆ మాటలేమిటని మా అమ్మ గొణిగేది. అన్న ట్రిప్పుల మీద తిరిగి తిరిగి వచ్చి పంచలో పడి నిద్రపోతుంటే వాణ్ని లేపడానికి మాకెవరికీ మనసొప్పేది కాదు. అట్లా ఆ పెడలుకు నా కాలు అలవాటైంది. గాలి ఉంటే బురదలో దిగినట్టుండేది, లోపలి రబ్బరు కప్పులు అరిగితే మెల్లగా జారిపోతూ ఉండేది, అన్నీ బాగుంటే నాలుగు వేళ్ల లోతు దిగి అక్కడ నిలబడేది.

ఆ నాలుగు వేళ్ల లోతే మా నాయనకు గిట్టలేదు.

అది బోర్లన్నీ ఎండిపోయిన కాలం. శెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయి, గొర్రెలను అయినకాడికి సంతకు తోలేసి, ఊళ్లకు ఊళ్లు ట్యాంకరు కోసం దారికి కళ్లప్పగించి కూర్చునేవి. శెనక్కాయ మూటలు మోసిన మా లారీకి నాయన ట్యాంకు ఎక్కించాడు. మూటలు పెట్టినచోట ఉంటాయి, నీళ్లు అట్లా కాదు, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు దూకి వెనక నుంచి తోస్తాయి. పెడలు మెత్తగా ఉందని, ఇంత లోతు దిగితే గుట్ట దారిలో నమ్మేదెట్లా అని నాయన బెంగ పెట్టుకున్నాడు. నిజానికి ఆ మెత్తటి పెడలుతోనే అన్న నిండు ట్యాంకును ఎన్నోసార్లు క్షేమంగా దింపాడు. అయినా నాయన అనంతపురం పోయి గుజిరీ అంగట్లో ఇనుప కుప్పలన్నీ తిరగేసి, మా లారీకంటే పెద్ద లారీది, లావుపాటి మాస్టర్ సిలిండరు ఒకటి ఏరుకొచ్చాడు. మాస్టర్ సిలిండరంటే పెడలు వెనక ఉండేది, మనం తొక్కిన తొక్కుడును ఆయిలులోకి తోసేది. పెద్ద బండిది కాబట్టి పెద్ద బలం ఉంటుందని ఆయన లెక్క, ఆ లెక్కలో తప్పుందని మాలో ఎవరికైనా ఎట్లా తోస్తుంది? బిగించి, నాచేత తొక్కించి గాలి తీయించాడు. పెడలు వేలెడు కూడా దిగకుండా ఆగిపోయింది.

గట్టిగా ఉంది నాయనా అన్నాను. ఆయన లారీ కింది నుంచి బయటికొచ్చి నన్ను దింపి, తానే ఎక్కి తొక్కి చూసుకుని, ఆ రోజంతా పెళ్లికొడుకులా తిరిగాడు.

మా సీమలో 'గట్టి' అన్న మాటకున్న విలువ మరే మాటకూ లేదు. గట్టి మనిషి అంటే మాట తప్పనివాడు, గట్టి నేల అంటే కుంగనిది, పిల్లను ఇచ్చేముందు సంబంధం గట్టిదేనా అని అడుగుతాం, పుట్టిన బిడ్డను చూసి గట్టిపిండం అని మెచ్చుకుంటాం. మెత్తన అన్నామంటే ఇక ఆ మనిషి పనికిరాడనే. లారీవాళ్లూ అంతే, బ్రేకు ఎట్లుందని ఒకరు అడిగితే గట్టిగా ఉందని ఇంకొకరు చెప్పడమే, బండి ఎంత దూరంలో ఆగుతోందని అడిగినవాణ్ని నేను చూడలేదు. కాలికి తగిలే గట్టిదనమే బ్రేకు అనుకున్నారు అందరూ.

రెండు మూడు రోజులు పోయాక, అన్నం తింటూ మా అన్న కంచంలోంచి తల ఎత్తకుండా ఒక మాట అన్నాడు. "నాయనా, గట్టిగా ఉండాది గానీ పట్టడంలా" అన్నాడు. నాయన నవ్వేసి, "గట్టిగా ఉంటే పట్టక యాడికి పోతాదిరా? కొత్తది గదా, అలవాటు కావల్ల" అన్నాడు. అన్న ఇంక రెట్టించలేదు. నాయనకు ఎదురు చెప్పే అలవాటు వాడికి లేదు. మా వదిన ఇంకాస్త సంగటి పెట్టబోతే చాలన్నాడు. ఆ మాట ఆ రాత్రి గాలిలోనే కలిసిపోయింది.

ఆ వారంలోనే జరిగింది. గుట్ట దారి మా ఊరివైపు దిగి, చివర్లో ఒక మలుపు తిరిగి, తుమ్మచెట్లు దాటగానే ఊరి మొదట్లో చదునవుతుంది. ట్యాంకరు వస్తుందని ఆడవాళ్లు అక్కడే బిందెలు వరుసగా పెట్టి, బిందెకొకరు కాపలా కూర్చునేవాళ్లు. ఆ పొద్దు నేనూ వదినా కూడా వరుసలో ఉన్నాం, వదిన ఒళ్లో నెలల బిడ్డగా వీడు. లారీ మలుపు తిరిగింది. ఆగేచోట ఆగలేదు. కేకలు లేవు, చక్రాలు అరవలేదు, ఏదో పని మీద పోతున్నట్టు నేరుగా మా మీదికి వస్తూనే ఉంది. అంత పెద్ద బండి అంత నిమ్మళంగా మీదికి రావడం ఎంత భయమో నేను రాయలేను. వరుసకు కొద్ది దూరంలో స్టీరింగు ఒక్కసారిగా పక్కకు తిరిగింది. లారీ దారి పక్కనున్న బండల గుట్టను గుద్దుకుంది, వెనక ట్యాంకు చీలిపోయింది.

అందరూ మిగిలారు, మా అన్న పోయాడు.

నీళ్లు ఎర్రమట్టిలో దారి చేసుకుంటూ మా కాళ్ల దగ్గరికి వచ్చాయి. ఏడుస్తూనే బిందెలు వంచి ముంచుకున్నవాళ్లున్నారు. వాళ్లను నేను ఆనాడూ తప్పుపట్టలేదు, ఈనాడూ పట్టను, ఇంట్లో పిల్లలు దాహమంటుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ బిందెల గలగల ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు.

తరువాత ఊరివాళ్లు, పక్కూరి మెకానిక్కులు, వచ్చినవాడల్లా క్యాబిన్లోకి వంగి పెడలు తొక్కి చూశాడు. అది చెక్కుచెదరలేదు. ఆఖరికి నాయన ఎక్కాడు. రెండుసార్లు తొక్కి దిగి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"బ్రేకు రాయి మాదిరి ఉండాది. వాడే తొక్కలా."

కన్న తండ్రే ఆ మాట అన్నాక ఇంక అడ్డేముంది? నిద్రపోయాడన్నారు కొందరు, తాగాడన్నారు కొందరు, మా అన్న సారా వాసన కూడా ఎరగడు. అన్న అన్నం దగ్గర చెప్పిన మాట నేను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. పెడలు అంత గట్టిగా కళ్లెదుట ఉంటే ఆడపిల్ల మాట ఎవరిక్కావాలి. నిద్రపోతే స్టీరింగు ఎట్లా తిప్పాడని అడిగితే, చివర్లో మెలకువ వచ్చి ఉంటుందిలే అన్నారు. వదిన నిద్రపోయిన డ్రైవరు పెండ్లాంగా ముసలిదైంది, వీడు నిద్రపోయిన డ్రైవరు కొడుకుగా పెరిగాడు. బడిలో కునికితే చాలు, అయ్య పోలికేనా అని దెప్పేవాళ్లు. నాయన ఇంకా చాలా ఏళ్లు బతికాడు గానీ లారీ వైపు పోలేదు, గట్టి అన్న మాట ఆయన నోటివెంట మళ్లీ నేను వినలేదు.

ఇదంతా ఆ క్యాబిన్లో కాలు పెడలు మీద ఉండగానే నా కళ్లముందు తిరిగిపోయింది. వాడు కింది నుంచి ఇంకా చెబుతూనే ఉన్నాడు. డిస్కులకు ఆయిలు ఎక్కువ పడుతుందని, అందుకని పెద్ద సిలిండరే ఏరుకుని తెచ్చానని, అనంతపురంలో స్పేర్ పార్టుల అంగడాయన కూడా అదే సరైందన్నాడని. కొత్త బండ్లలో కాలికి సాయంగా ఇంజిను గాలితో లాగే డబ్బా ఒకటి ఉంటుందట, ఈ మూతి కింద దానికి చోటు లేక వదిలేశాడట. మాట మధ్యలో, ఏమీ కానట్టు, ఇంకో ముక్క కూడా అన్నాడు.

"ఇంకా సరింగా పట్టడంలా అత్తా. కొత్త ప్యాడ్లు గదా, కొంచెం అరిగితే పడ్తాది."

ఎప్పుడు నడుపుతావు దీన్ని అని అడిగాను. రేప్పొద్దున ట్యాంకు నింపి గుట్ట దారిలో ఊరికి దింపుతానన్నాడు. ఖాళీగా కాదు, నిండుగానే. వాళ్ల నాయన ఆపలేనిచోట తాను ఆపి చూపిస్తానని, ఆనాడు చూసినవాళ్లందరూ చూస్తారని అన్నాడు. వాడి గొంతులో పట్టుదల వింటే నాకు ఏడుపొచ్చింది, దాని వెంటనే కోపమొచ్చింది. బండి దిగి తాళంచెవి లాక్కుని జాకెట్లో దోపుకున్నాను. నన్ను తోసి తీసుకుంటావా తీసుకో అన్నాను. అత్త నోటికి ముదిగుబ్బ దాకా పేరుంది కాబట్టి వాడు నిలబడిపోయాడు. అన్న చెప్పిన మాట మళ్లీ మొదటినుంచి చెప్పాను. వాడు విన్నాడు గానీ నమ్మలేదు, గట్టిగా ఉండి పట్టకపోవడం ఏమిటి అత్తా అని వాళ్ల తాత అడిగినట్టే అడిగాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. గుట్ట ఎక్కేముందు, విత్తనం పడని మా మెట్టచేలో, నిండు ట్యాంకుతో ఒక్కసారి తోలి ఆపి చూపించాలి.

పొద్దున్నే మా వదిన వచ్చింది. భర్త పోయిననాటి నుంచి ఆ లారీ ఉన్న దిక్కుకు తల తిప్పని మనిషి, చంకలో ఒకటి చేతిలో ఒకటి ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని, ఇంకొన్ని మనవరాలి, అంటే వాడి కూతురి, నెత్తిన పెట్టి చేలోకి వచ్చింది. నేను పిలవలేదు, వాడే చెప్పి ఉంటాడు. "ఆడ ఆపుతా అన్నాడు గదా, గుర్తు ఉండల్ల" అని, మనవరాలిని గట్టు మీదికి పంపించి, చేను పొడవునా సగం దాటాక బిందెలను అడ్డంగా వరుస పెట్టింది. ఆనాటి వరుస ఎట్లుందో అట్లాగే పెట్టింది. ఒక్కొక్కదాన్ని సరిచేసి, వచ్చి నా పక్కన గట్టెక్కి నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

లారీ చేను పైకొస నుంచి దిగింది. పెద్ద వేగమేమీ కాదు. బిందెలకు చాలా ముందే వాడి భుజాలు వెనక్కి బిగుసుకోవడం, ఒళ్లంతా సీటుకు తన్నిపెట్టడం మా ఇద్దరికీ కనిపించింది. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. చక్రాలు అరవలేదు, మట్టి రేగలేదు. ట్యాంకులో నీళ్లు ముందుకు దూకి దబ్బుమన్న మోత ఒక్కటే వినబడింది. ఎర్ర బిందె, నీలం బిందె, పచ్చ బిందె ఒకదాని తరువాత ఒకటి టపటప పగిలిపోయాయి. లారీ వాటిని దాటి, ఇంకా పోయి, దూరంగా చేను కింది గట్టుకు మూతి ఆనించి ఆగింది.

వదిన నా చెయ్యి విడిపించుకుని ఆ చేలో పడుతూ లేస్తూ పరుగెత్తింది. నేను వెనకే పోయాను. వాడు ఇంకా సీట్లోనే ఉన్నాడు, రెండు కాళ్లూ ఇంకా పెడలు మీదే ఉన్నాయి. వదిన క్యాబిన్ మెట్టెక్కి కిటికీ పట్టుకుంది.

"తొక్కినావా?" అంది.

"రెండు కాళ్లతో తొక్కినా అమ్మా. రాయి మాదిరి ఉండాది. ఆగలా."

ఆమె కొడుకు కాళ్ల వైపు చూసింది. తరువాత మెల్లగా, ఎవరితోనో ఇంట్లో మాట చెప్పినట్టు అంది.

"అయితే మీ నాయన గూడ తొక్కినాడు."

అంతే అంది. మెట్టు దిగి, పగిలిన బిందె ముక్క పక్కన నేల మీద కూలబడి, ఆనాడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. మొగుడు చచ్చిపోయినందుకు ఆమె ఏనాడో ఏడ్చింది, ఇది వేరే. నేను ఓదార్చలేదు, నాకూ చేతకాలేదు.

తరువాత వాడు షెడ్డులో పది దినాలు అన్నీ విప్పి కూర్చున్నాడు. సంగతి వాడికి అర్థమయ్యాక నాకు అర్థమయ్యేలా గొర్రెల సూదిమందు గొట్టాలతో చెప్పాడు. సన్నటి గొట్టాన్ని వేలితో నొక్కితే మందు చివ్వున కొడుతుంది, అదే వేలు బలంతో లావు గొట్టాన్ని నొక్కితే అంగుళం కూడా కదలదు, వేలికి మాత్రం గట్టిగా తగులుతుంది. సిలిండరు లావయ్యేకొద్దీ కాలికి గట్టిదనం ఎక్కువ, చక్రం దగ్గరికి చేరే బలం తక్కువ. ఇంతే, ఇంత చిన్న సంగతి! సన్నటి సిలిండరు తెచ్చి బిగించాడు, సాయం చేసే డబ్బాను క్యాబిన్ కింద చట్రానికి బిగించాడు. నన్ను ఎక్కించి తొక్కమన్నాడు. నాలుగు వేళ్ల లోతు దిగి నిలబడింది. "మెత్తగా ఉండాది అత్తా, నాకు భయమైతాంది" అన్నాడు. ఉండనీ నాయనా, మెత్తగానే ఉండనీ అన్నాను.

మళ్లీ అదే చేలో నింపి తోలి, ఈసారి మళ్లీ పెట్టిన బిందెలకు ఇవతలే ఆపి, ఆ తరువాతే గుట్ట దారికి పోయాడు. వదిన వాడి పక్కన సీట్లో కూర్చుంది. నేను కింద, తుమ్మచెట్లు దాటి, ఆనాడు బిందె పెట్టుకుని కూర్చున్నచోటే నిలబడ్డాను. లారీ మలుపు తిరగగానే కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి బండల గుట్టకు చాలా పైనే అది నిలబడి ఉంది, ఇంజిను తన మానాన తాను కొట్టుకుంటోంది.

చూసినవాళ్లందరూ చూస్తారన్నాడు కదా వాడు. దారిలో నేను తప్ప ఎవరూ లేరు. ఊళ్లోకి కొళాయిలొచ్చాయి, వచ్చినరోజు నీళ్లొస్తాయి, రానిరోజు ట్రాక్టరు ట్యాంకరు ఇంటి ముందుకే వస్తుంది, బిందె పట్టుకుని ఎవరూ దారికి రారు. ఇప్పటి బండ్లు బొటనవేలు ఆనిస్తే చాలు ఆగుతాయి, బ్రేకు గట్టిదా మెత్తదా అని అడిగే మనుషులే లేరు. మా అన్న నిద్రపోయాడన్నవాళ్లలో కొందరు కాలం చేశారు, మిగిలినవాళ్లు కూలికి బెంగళూరు దారి పట్టారు, ఎవరిని పిలిచి చూపించాలి? అన్నిటికంటే మా నాయన లేడు. చెయ్యి పట్టుకుని ఆయన్ని ఆ సీట్లో కూర్చోబెట్టి, ఒక్కసారి తొక్కు నాయనా, అన్న తొక్కినాడు అని చెప్పాలని ఉంది నాకు.